పై హోసు

విజయవాడ ఆటోనగరులోని ఒక షెడ్డునందు, నూనెమరకలు పడిన గోనెపట్టాపై, నిలువునా చీల్పబడి పడియున్న నల్లని రబ్బరు గొట్టమును చూచుచున్నారు గదా, అది నేనే. కలకత్తా చెంత ఉత్తరపారలో 2014 వఱకు తయారైన అంబాసిడర్లలో ఒకటైన మా మాస్టారి బండిలో, ఇంజను తలనుండి రేడియేటరు తలకు కాగిన నీటిని కొనిపోవుటయే ఈ ఉదయము వఱకు నా బ్రతుకు. మెకానిక్కులు నన్ను పై హోసు అందురు.

“తాతయ్యా, ఇదొక్కటే రబ్బరుది ఎందుకు పెట్టారు? ఇనుప గొట్టం పెట్టొచ్చుగా?” అని మాస్టారి మనుమరాలు ఒకనాడు బానెట్టులోనికి తొంగిచూచి అడిగినది. ఆయన చెప్పిన బదులు ఫ్యాను హోరులో నాకు వినరాలేదు గాని, నా బదులు ఇది. ఇంజను తన దిమ్మలపై నిరంతరము కంపించుచుండును. రేడియేటరు చట్రమునకు బిగింపబడి నిశ్చలముగా నుండును. ఆ రెంటిని కఠినలోహముతో కలిపినచో అనతికాలములోనే అతుకు పగులును. వాని నడుమ నిలిచి, ఒకదాని అలజడి వేఱొకదానికి సోకకుండ నా దేహముననే అణచికొనుటకు మెత్తదనము వినా వేఱు సాధనము లేదు. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకముతో కలిపి కాచు విధానమును కనుగొనియుండనిచో, ఆ మెత్తదనమే ఎండలో బంకయై, చలిలో పెళుసై, ఏ యంత్రమునకును కొఱగాకుండెడిది.

ఉదయము బండి కదలినప్పుడు నేను చల్లగానే యుందును. థర్మోస్టాటను చిన్న తలుపు మూసికొని, నీటిని ఇంజనులోనే త్రిప్పుచుండును. వేడిమి 80 డిగ్రీలు దాటిన పిమ్మట అందలి మైనము కరగి, వ్యాకోచించి, తలుపును తెఱచును. అంతట కాగిన నీరు ఒక్కపెట్టున నాలోనికి దూకును. ఆ తొలి ఉష్ణస్పర్శను ఎన్ని వేలమార్లు అనుభవించితినో! ఏనాడును అది నాకు పాతబడలేదు.

మాస్టారు మంచివారు, కాని చాలకాలము రేడియేటరులో బోరునీరే పోయించిరి, దానిలోని సున్నము లోపలనెల్ల పొరలు కట్టినది. అంతకంటె ఘోరమైనది మఱియొకటి కలదు. ఇంజను ఒక లోహము, రేడియేటరు మఱియొక లోహము, నడుమ లవణములు కరగిన ద్రవము: బ్యాటరీకి వలసినది ఇంతే కదా! అగోచరమైన ఆ విద్యుత్తు నా లోపలి గోడయందు, క్లిప్పులు బిగించు కొసలవద్ద, వెండ్రుకవంటి చీలికలను పుట్టించెను. వానిగుండ ద్రవము నాలోని నూలునేతను చేరి చివుకజేసెను. పైచర్మము మాత్రము నిగనిగలాడుచునే యుండెను. గుడ్డతో తుడిచి “ఇది బాగానే ఉంది” అన్నవారిని నేను తప్పుపట్టజాలను. నా వ్యాధి కంటికిగాక వ్రేళ్లకు తెలియునట్టిది.

నాలుగు దినముల క్రిందట, దోర్నాల దాటి నల్లమల ఘాటురోడ్డున శ్రీశైలమునకు ఎక్కుచుండగా, ఒక మలుపువద్ద నా కొస పిగిలినది. బానెట్టు సందులనుండి తెల్లని ఆవిరి చిమ్మినది. మీటరు ముల్లు మొదట పైకి లేచి, నీరు పోయి కొలుచుటకేమియు మిగులకపోగా క్రిందికి వాలినది. డ్రైవరు కుర్రవాడు ఆతురతతో గుడ్డయైన లేక రేడియేటరు మూతపై చేయి వేయబోయెను. “ముట్టుకోకురా! చల్లారనీ!” అని మాస్టారు అతని చేయి లాగివైచిరి. మూత బిగువున ఒత్తిడికి లోనైన నీరు 100 డిగ్రీలు దాటియు మరుగక నిలుచును. మూత సడలిన క్షణముననే పొంగి మొగమును కాల్చివేయును. గంటసేపు అడవిగాలిలో ఆగి, నా గాయమునకు సైకిలు ట్యూబు ముక్క చుట్టి, మూత వదులుగా నుంచి, మెల్లమెల్లగా నడిపించుకొని వచ్చిరి. ఆ కుర్రవాని చేయి కాలియుండినచో నేనెవరికేమని చెప్పుకొందును? ఆ తలపు నన్నింకను విడువలేదు.

ఈ ఉదయము చల్లని ఇంజనుపై వంగి మేస్త్రీ నన్ను తడవి చూచెను. “మాస్టారూ, నడుమ నొక్కితే గట్టిగానే ఉంది. ఈ క్లిప్పు పక్కన నొక్కండి. మెత్తగా దిగబడిపోతోందా? కింది హోసు కూడా మార్చేద్దామండీ, దాని వయసూ ఇంతే కదా.”

పాత ద్రవమును నేలపాలు చేయక బేసినులోనికి పట్టిరి. కూలెంటులోని గ్లైకాలు తియ్యగా నుండును, నాకిన కుక్కల ప్రాణము తీయును. ఏండ్ల తరబడి రేడియేటరు మూతిని అంటుకొనియుంటిని. మెలిపెట్టి లాగినచో ఆ పలుచని ఇత్తడి మూతి అతుకు ఊడునని మేస్త్రీ ఎఱుగును. బ్లేడుతో నన్ను నిలువున చీల్చి, అరటిపట్టవలె ఒలిచెను. మూతిని ఉప్పుకాగితముతో రుద్ది, క్రొత్త హోసును తొడిగి, రబ్బరు తెగనంతమేరకే క్లిప్పు బిగించెను.

ఆకుపచ్చని కూలెంటును మంచినీటితో కలిపి పోసి, మూత తెఱచియే ఇంజను నడిపిరి. కొంతసేపు బుడగలు వచ్చినవి. పిమ్మట రేడియేటరు మూతివద్ద మట్టము దిగ్గున దిగినది. మేస్త్రీ మఱికొంత పోసెను. మాస్టారు చేయి చాచి, నేనుండిన చోటనున్న క్రొత్త హోసుపై అరచేయి ఆనించిరి.

“వెచ్చబడుతోందయ్యా” అనిరి.