ట్యాంకర్ నీళ్ళ వర్షారణ్యం

చెన్నైలో తిరువాన్మియూర్ దాటి ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద దక్షిణానికి వెళ్తే నీలాంగరై, ఇంజంబాక్కం, పనయూర్, ఉత్తండి, ముట్టుకాడు వరసగా తగులుతాయి. పనయూర్ అంటే తాటిచెట్ల ఊరు. కంటికి కనబడిందే ఊరి పేరుగా పెట్టుకున్నారు పాపం, బ్రోషర్ వేయించుకునే తెలివి లేని కాలం. ఇప్పటి వారాంతపు విల్లాకు తాటిచెట్టు నామోషీ. దానికి కావలసింది ‘ట్రాపికల్ రెయిన్‌ఫారెస్ట్’: గాజు గోడలు, నీలం కొలను, కొలను గట్టున రాతి బుద్ధుడు, చుట్టూ చేటంత ఆకుల విదేశీ మొక్కలు, ఆ ఆకులు వాడిపోకుండా తుంపర చిమ్మే యంత్రం. అడవి సిద్ధం. వానొక్కటే బాకీ.

ఆ బాకీ చిన్నదేం కాదు. వర్షారణ్యం అనిపించుకోవాలంటే ఏడాదికి రమారమి 2000 మిల్లీమీటర్ల వాన, అదీ నెలనెలా సర్దుకుని కురవాలి. చెన్నైకి దక్కేది సుమారు 1400. అందులో సింహభాగాన్ని అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనం తెచ్చి కుమ్మరించి, ఊరిని ముంచి, తన దారిన తాను పోతుంది. మిగతా నెలల్లో విల్లా అడవికి రుతుపవనం బోరుబావే, అది మొరాయిస్తే ట్యాంకరు. ఈ తీరంలో ఇసుక కింద ఉన్న మంచినీరు ఉప్పునీటి మీద పల్చటి పొరలా నిలిచి ఉంటుంది; పైది ఎంత తోడితే కిందది అంత పైకొస్తుంది. 2019 వేసవిలో నగరం తాగే చెరువులు నాలుగూ నెర్రెలిచ్చాయి. జులైలో జోలార్‌పేట నుంచి రైలు పెట్టెల్లో నీళ్ళు మోసుకొచ్చారు, ట్రిప్పుకు 25 లక్షల లీటర్లు. విల్లాల రోడ్డు మీదే, నెమ్మేలిలో, 2013 నుంచి ప్రభుత్వం సముద్రాన్ని వడగట్టి జనానికి తాగిస్తోంది. 1996 నుంచి కృష్ణమ్మ కూడా కండలేరు మీదుగా పూండి చెరువుకు నడిచొస్తోంది. ఇంతమంది ఇన్ని తంటాలు పడి తెచ్చే నీళ్ళున్న ఊళ్ళో ఆకుల ముఖం కడగడానికి ఒక యంత్రం!

ఇక్కడొక ఆక్షేపణ రావాలి, వస్తుంది: కాంక్రీటు కన్నా పచ్చదనం నయం కదా? నయమే, పచ్చదనం ఈ నేలదైతే. కోరమాండల్ తీరానికి సొంత అడవి ఒకటుంది, శుష్క సతతహరిత అరణ్యం. పాల, అల్లి, బలుసు, వాక అందులో కాపురస్థులు. గిడసబారి, మందపాటి చిన్న ఆకులతో, మే నెల ఎండకూ పచ్చగానే నిలబడతాయి. బతికుంటే బలుసాకు తినొచ్చన్న సామెత ఊరికే పుట్టలేదు. కరువులో కూడా ఆకు దొరికే మొక్క అది. పుదుచ్చేరి పక్కన ఆరోవిల్‌లో 1968 తర్వాత బోడి ఎర్రనేల మీద ఈ జాతుల్నే తిరిగి పెంచి చూపించారు. కనుక చేతకాని పనేం కాదు. కాకపోతే ఆ చిట్టడవి ఫొటోలో బాలిలా కనబడదు. ముళ్ళుంటాయి, పాములుంటాయి, అతిథులకు సెల్ఫీ కుదరదు.

తోటమాలికీ వంటమనిషికీ పని దొరుకుతోంది కదా అనేది రెండో మాట. నిజమే. బలుసు పెంచినా తోటమాలి కావాలి, అతనికి తుంపర యంత్రమే పోటీ. చట్టప్రకారమే కట్టుకున్నాం అనేది మూడోది, దీనికి జవాబు చట్టమే చెప్పింది. 1991 నాటి తీర నియంత్రణ ప్రకటన గ్రామీణ తీరంలో పోటు గీత నుంచి 200 మీటర్ల దాకా కొత్త కట్టడం వద్దంది. 2019 నాటిది, చదరపు కిలోమీటరుకు 2161 మంది మించిన గ్రామాల్లో ఆ దూరాన్ని 50 మీటర్లకు తెచ్చింది. మధ్యలో 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిపోయింది. కెరటం ఊరి మీదికి వస్తే ఎవరైనా వెనక్కి జరుగుతారు. మన గీత ఎదురెళ్ళింది.

తీరంలో అసలు అడవి చూడాలనుకునేవారు ఉత్తరానికి తిరగాలి. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ శ్రీహరికోటలో పాల, అల్లి, బలుసు ఇంకా దట్టంగానే ఉన్నాయి. 1971 నుంచి అక్కడ రాకెట్లు ఎగురుతున్నాయి. పాస్ లేనిదే ఎవర్నీ లోపలికి రానివ్వరు, స్థలం కొంటామన్నా సరే.