భార్యను చూచుటకు పట్టు పనిగంటలు

వారానికి 90 గంటలు పనిచేయాలని, ఆదివారాలు కూడా పని చేయించలేకపోతున్నందుకు విచారిస్తున్నానని చెప్పిన ఎల్ అండ్ టీ సంస్థ అధిపతి ఎస్‌.ఎన్‌. సుబ్రహ్మణ్యన్, ఇంట్లో కూర్చుని భార్యను ఎంతసేపని చూస్తారని కూడా అడిగారు గనుక, ఆ ప్రశ్నకు శాస్త్రీయంగా సమాధానం వెదకడం పండితుల బాధ్యత అవుతుంది. పరిశోధనకు ఖమ్మం నుంచి సత్తుపల్లి పోయే దారిలోని తల్లాడలో ఒక ఇంటిని ఊహించుకుంటే చాలు.

ఆదివారం మధ్యాహ్నం ఆ ఇంటి గృహిణి దుప్పటి అంచుకు క్రోషియా, అనగా కొస కొక్కెంలా వంగిన ఒకే సూదితో దారాన్ని గొలుసులుగా అల్లే పని, పట్టుకుని కూర్చుంటుంది. ఒక్క గొలుసు తప్పినా వరుసంతా విప్పవలసి ఉంటుంది గనుక ఆమె చూపు సూదిని వదలదు. దారపు ఉండను వదలనిది పిల్లి చూపు. కాబట్టి భార్యను, ఉండను, పిల్లిని ఏకకాలంలో చూచే భారం భర్త మీద పడుతుంది. ఇదే పనిని అద్దాల గదిలో చేస్తే పర్యవేక్షణ అంటారు, జీతమూ ఇస్తారు. ఆయన దృష్టి అర నిమిషం టీవీ వైపు మళ్లితే ఉండ మంచం కిందికి, దారం కుర్చీ కాళ్ల చుట్టూ చేరుతుంది. అప్పుడు ఆయన నోరెత్తకుండా నేలమీద చతికిలబడి చిక్కు విడదీస్తాడు. అందువల్ల భార్యను ఎంతసేపు చూడాలంటే, దుప్పటి అంచు పూర్తయ్యేదాకా అన్నదే సిద్ధాంతం.

వారానికున్న 168 గంటల్లో కంపెనీకి 90, నిద్రకు 49 పోగా మిగిలే 29 గంటలు స్నానభోజనాలకు, ప్రయాణానికే చాలవు గనుక పర్యవేక్షణను పిల్లికే అప్పగించవలసి వస్తుంది. రోజులో సగానికి పైగా నిద్రపోతూ, మేలుకున్నంతసేపూ పని చెడగొడుతూ, పాలలో మొదటి వాటా అందుకునే ఆ జీవికి ఏ హోదా తగునో కార్పొరేట్ సంస్థలే చెప్పగలవు.

అసలు సుబ్రహ్మణ్యన్ ప్రశ్నలో భర్త చూస్తున్నాడు, భార్య కనబడుతోంది. ఆమె ఏం చేస్తోందన్న ఊసే లేదు. భద్రాచలం పక్కన దుమ్ముగూడెంలోనూ, గోదావరి దిగువన నరసాపురంలోనూ మిషనరీల కాలం నుంచి ఆడవాళ్లు లేసు అల్లింది ఇంట్లో కూర్చునే. వారిని కార్మికులుగా కాక తీరిక వేళ అల్లుకునే గృహిణులుగా లెక్కగట్టడం వల్లనే వ్యాపారులు అంత తక్కువ కూలితో సరిపెట్టగలిగారని నరసాపురం లేసుపై 1982లో వెలువడిన పుస్తకంలో జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ చూపింది. ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు, అనగా ఊరి పేరును ఇతరులు వాడుకోకుండా చట్టమిచ్చే రక్షణ, 2024లో గాని రాలేదు.

కేంద్రం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. అంటే స్త్రీకి వారానికి దాదాపు 35 గంటల పని, ఆదివారం సెలవు లేదు, పైసా జీతం లేదు. ఉద్యోగి 90 గంటలు ఆఫీసులో ఉండాలంటే అతని అన్నం, బట్టలు, పిల్లలు, ముసలి తల్లిదండ్రుల మందులు ఎవరో ఒకరు చూడాలి. ఆ ఎవరో ఒకరి శ్రమను ఉచితంగా వాడుకుంటూ, ఆమెను ఎంతసేపని చూస్తారని ఏడాదికి 50 కోట్లకు పైగా అందుకునే మనిషి వేళాకోళం చేయడం సిగ్గుచేటు. భర్తలు ఆదివారం ఇంట్లోనే ఉండాలి, చూస్తూ కూర్చోవడానికి కాదు, అంట్లు తోమడానికి.