పెన్‌డ్రైవ్ మీదే కంప్యూటర్ నడపండి

పాత కంప్యూటర్‌లో హార్డ్‌డిస్క్ పోతే అందరూ చెప్పేది ఒకటే: ఎస్‌ఎస్‌డీ వేయించు, పెన్‌డ్రైవ్ జోలికి పోకు. నేను పెన్‌డ్రైవే పెట్టమంటాను, అదీ చవకది. దాన్ని పిసరంత కూడా నమ్మొద్దంటాను. ఈ పద్ధతి నిలబడేది ఆ అపనమ్మకం మీదే.

పెన్‌డ్రైవుల్లో ఉండే చవక ఫ్లాష్‌ను అరగదీసేది చదవడం కాదు, రాయడం. ఇందులో కొత్తగా రాయాలంటే ముందు పాతది చెరపాలి. చెరపడమేమో పెద్ద బ్లాకుల లెక్కనే కుదురుతుంది. చిన్న ఫైలు మారినా లోపల చాలా సరుకు అటూ ఇటూ కదులుతుంది. ఖరీదైన డ్రైవులు ఆ అరుగుదలను అన్ని బ్లాకులకూ పంచుతాయి. చవకవాటికి ఆ తెలివి తక్కువ. అందుకే వీటి మీద విండోస్ ఇన్‌స్టాల్ చెయ్యకండి. మీరు ఏమీ చెయ్యకపోయినా అది ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది.

చదవడానికీ రాయడానికీ ఉన్న ఈ తేడా పెద్ద డేటా సెంటర్లలోనే బయటపడింది. వీఎంవేర్ వాళ్ల సర్వర్ సాఫ్ట్‌వేర్ ఈఎస్‌ఎక్స్‌ఐని ఏళ్ల తరబడి ఎస్‌డీ కార్డుల మీద పెట్టి సర్వర్లు నడిపారు. బూట్ అయ్యాక అది ర్యామ్‌లోనే ఉండేది, కార్డుతో పని తక్కువ. 2020లో వచ్చిన 7వ వెర్షన్ రాతలు పెంచింది, కార్డులు చావడం మొదలైంది. 2021కల్లా ఆ కంపెనీయే కార్డులు, పెన్‌డ్రైవులు మానెయ్యమంది. తప్పు కార్డుదని లోకం తీర్మానించింది. నా దృష్టిలో మారింది వాడకం.

కాబట్టి డ్రైవ్‌ను బండి తాళంచెవిలా వాడండి: స్టార్ట్ అయితే చాలు. 2003లో బ్యారీ కౌలర్ మొదలుపెట్టిన పప్పీ లైనక్స్ మొత్తంగా ర్యామ్‌లోకి ఎక్కిపోతుంది. 2 జీబీ ర్యామ్ ఉన్న పాత మెషీన్‌లోనూ హాయిగా నడుస్తుంది. డెబియన్ లైవ్‌లో అయితే బూట్ చేసేటప్పుడు టోర్యామ్ అనే మాట చేర్చాలి. రాస్ప్‌బెర్రీ పై ఉన్నవాళ్లు సెట్టింగుల్లో ఓవర్‌లే ఆన్ చేసుకోండి. రాతలన్నీ ర్యామ్‌లోనే ఆగిపోతాయి, మధ్యలో కరెంటు పోయినా కార్డు చెడే భయం బాగా తగ్గుతుంది. ఇన్‌స్టాల్ చెయ్యక తప్పదా? స్వాప్ తీసెయ్యండి, లాగ్‌లనూ బ్రౌజర్ క్యాష్‌నూ ర్యామ్‌లో పెట్టండి.

కొనేటప్పుడు ప్యాకెట్ మీది పెద్ద ఎంబీల అంకె చూడకండి. బూట్‌కు కావలసింది చిన్న చిన్న చదువులు. మైక్రోఎస్‌డీ మీద ఏ1 గుర్తు ఉంటే సెకనుకు కనీసం 1500 అలాంటి చదువులు, 500 రాతలు చెయ్యగలదని అర్థం. కొన్న రోజే, డ్రైవులను పరీక్షించే ఎఫ్3తోనో హెచ్2టెస్ట్‌డబ్ల్యూతోనో నిండా రాసి, తిరిగి చదివించండి. కొన్ని వందలకే 2 టీబీ అని అమ్మేవాటిలో ఉండేది అందులో చిన్న ముక్క. కంట్రోలర్ అబద్ధం చెబుతుంది. ఇదొక్కటే నిండా రాయాల్సిన సందర్భం.

మీ ఫైళ్లు ఒక్కటీ ఈ డ్రైవ్‌లో పెట్టకండి. ఉన్న చోటే అప్‌డేట్ చెయ్యకండి; కొత్త వెర్షన్ వచ్చినప్పుడు మొత్తం ఇమేజ్‌ను మళ్లీ రాయండి. ఒకటి కాదు, రెండు కొనండి. రెండోది సొరుగులో పడేసి మరిచిపోవద్దు: కరెంటు తగలకుండా ఏళ్లు పడి ఉంటే ఫ్లాష్‌లో రాసినది మెల్లగా కరిగిపోతుంది. కొన్ని నెలలకోసారి దానితోనూ బూట్ చేసి చూడండి, మొరాయిస్తే ఇమేజ్ మళ్లీ ఎక్కించండి.