బారల లెక్క

మిల్ లాక్స్ లేక్ గడ్డకట్టిందంటే చాలు, మా మిన్నెసోటా తెలుగు కుర్రాళ్లు కూడా ఐస్ ఫిషింగ్‌కి బయల్దేరుతున్నారు. సంతోషమే. కానీ ఆ సరంజామా చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది. మంచు మీద డేరా, డేరాలో హీటరు, హీటరు పక్కన సోనార్ తెర. తెర మీద చేప ఈదుతూ కనిపిస్తుంది, దాని ముక్కు ముందుకి ఎర దించుతారు. ఇంతోటి దానికి తెల్లారకుండా లేవడమెందుకో!

మా రోజుల్లో చేతి ఆగర్‌తో మంచులో బెజ్జం వేసేసరికి అంత చలిలోనూ చొక్కా తడిసేది. జల్లిగరిటతో మంచు పలుకులు తీసేసి, గాలానికి సీసం గుండు తగిలించి వదిలేవాళ్లం. గుండు అడుగు తాకగానే తాడు సడలుతుంది. అక్కణ్ణించి పైకి లాగుతూ బారల్లో కొలిస్తే లోతెంతో తెలిసేది. ఆ తర్వాత పనంతా బుర్రకే.

నీరు నాలుగు డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువు. అందుకే చలికాలంలో అడుగు నీరే కాస్త వెచ్చన, మంచుకి ఆనుకున్నది సున్నా. వాలై చేప ఆ అడుగునే పట్టుకుని ఉంటుంది, ఎర నేలకి మూరెడు ఎత్తులోపే ఆడాలి. మసక వెలుతురులో బాగా చూడగల కళ్లు దానివి, పొద్దుగుంకే వేళ మెరక వైపు మేతకొస్తుంది. ఆ కాసేపటి కోసం మధ్యాహ్నమంతా కాపు కాసేవాళ్లం.

క్రాపీ చేప తీరు వేరు. ముప్పై అడుగుల నీళ్లుంటే పదిహేను, ఇరవై అడుగుల దగ్గర గుంపుగా నిలబడి, కంటికి ఆనని నీటిపురుగుల్ని తింటూంటుంది. దాని చూపెప్పుడూ పైకే. ఎర దాని తల మీదుగా ఉండాలి, కిందికి జారిందా, పట్టించుకోదు. అందుకని పైనుంచి మూరా మూరా దించేవాళ్లం. చలికాలం ముదిరాక ఇంకో మెలిక ఉంది. మంచు మీద మంచు పేరుకుని లోపలికి వెలుతురు పోదు, కుళ్లుతున్న నాచు అడుగున ఆక్సిజన్ తినేస్తుంది, క్రాపీ ఇంకా పైకి జరుగుతుంది. మొన్న ఒకణ్ణి "అంత పైకెందుకొచ్చిందిరా?" అనడిగితే, "తెరలో అక్కడే ఉందంకుల్" అన్నాడు. ఏం చెప్పను వాడికి?

మాకూ ఫ్లాషర్లనే పాతరకం సోనార్లొచ్చాయి, కాదనను. బెజ్జం కిందున్నది గీతలుగా చూపించేవి, అంతే. 2018 నుంచి అమ్ముతున్న ఈ కొత్తరకం సోనార్ పక్కకి తిప్పితే దూరాన ఉన్న గుంపునీ పట్టిస్తుంది. చేపకి దాక్కునే చోటే లేకుండా పోయింది. అతిగా పడితే ఏమవుతుందో ఈ రాష్ట్రానికి తెలియనిదా? రెడ్ లేక్‌లో వాలై వేట 1999లో ఆపేస్తే మళ్లీ తెరిచింది 2006లో.

"చిన్నవైతే వదిలేస్తాం కదంకుల్" అంటారు. ముప్పై అడుగుల లోతునుంచి లాగిన క్రాపీకి లోపలి గాలితిత్తి ఉబ్బిపోతుంది, వదిలినా బతుకుతుందన్న నమ్మకం లేదు. కాబట్టి బాబూ, లోతులో గుంపు దొరికితే పులుసుకి సరిపడా పట్టుకుని గాలం చుట్టేయండి.