దబ్బనం లేని కుట్టు

ఉస్మాన్‌గంజ్‌లో ఏదైనా బస్తాల లెక్కే. పప్పయినా, మిర్చయినా, ఎల్లిగడ్డయినా అంతే. అంతటి టోకు బజారులో, ఓ గోదాము మీది గదిలో, ఒక్కో బెజ్జం చొప్పున పని నడిపేవాడు మా బోర్డు సారు.

సర్క్యూట్ బోర్డులు సొంతంగా చేసుకునే ఈయన జాతివాళ్లు ప్రతి పేటలోనూ ఉంటారు. వేళ్లకు గోధుమరంగు మరక ఉంటుంది, గోరింటాకు కాదు, రాగిని తినే ఫెర్రిక్ క్లోరైడ్. ఇంట్లో ఇస్త్రీపెట్టె ఉంటుంది, చొక్కా మాత్రం నలిగే ఉంటుంది. నున్నటి పత్రిక కాగితం మీద లేజర్ ప్రింటు తీసిన గీతల్ని రాగిరేకుకు అంటించడంలో ఆ పెట్టెకు తీరిక దొరకదు.

ఒకవైపే గీతలైతే ఆ పూటకే పని తేలిపోయేది. సారుకు రెండువైపులా కావాలి. ఫ్యాక్టరీలో అయితే బెజ్జం లోపలి గోడకే రాగిపూత వేసి అటూ ఇటూ కలిపేస్తారు. సారు ఏం చేస్తాడంటే, రెసిస్టరు నుంచి కత్తిరించిన కాలు ముక్కను బెజ్జంలో దూర్చి, ఇటు సోల్డర్ పెట్టి, బోర్డు తిప్పి అటు పెడతాడు. అటుది అంటుకునేలోగా ఇటుది కరిగి ముక్క జారిపోతుంది. రెండు కొసలూ ముందే వంచాలన్న తెలివి రెండేళ్లకు వచ్చింది. ఐసీ సాకెట్టు కిందికి వచ్చిన బెజ్జానికి పైనుంచి సోల్డరింగ్ మొన అందదన్న తెలివి, సాకెట్టు బిగించాక వచ్చింది. 1.6 మిల్లీమీటర్ల మందం దాటడానికి ఆయనకు పట్టే సేపట్లో ఎవరైనా కోఠి గుజరాతీ గల్లీ దాకా నడిచి రావచ్చు. ఆయనే వస్తాడు కూడా, 0.8 డ్రిల్ బిట్ విరిగిన ప్రతిసారీ. దారిలో మొజంజాహీ మార్కెట్ ఐస్‌క్రీమ్ ఖర్చు బోర్డు లెక్కలో రాయడు.

మొన్న బోర్డును ట్యూబ్‌లైటుకు అడ్డంపెట్టి చూశాడు. బెజ్జాలు కలవలేదు. పైవైపు ప్రింటును అద్దంలో బొమ్మలా తిప్పడం మరిచాడు. అంతా ఎడమకుడి.

బస్తాలు కుట్టే హమాలీ దబ్బనం చెవిలో సుతిలి ఎక్కిస్తూ అడిగాడు. "ఇదంతా దేనికి సార్?"

"మెట్లెక్కేటోళ్లు వస్తే బల్బు దానంతటదే వెలగాలె."

"స్విచ్చుంది కదా సార్?"

సారు వినిపించుకోలేదు.

"పోనీ, ఒక్క దిక్కు గీసుకుంటే కాదా?"

"అయితది," అన్నాడు సారు, కొత్త రాగిరేకు తీస్తూ. "ఒక్క దిక్కయితే అందరూ చేస్తరు."