ఉక్కపోతలో నలగని మడత

ఆరేడు కిలోల ఇత్తడిని నేను. కడుపు నిండా బొగ్గులు, పైన మూత, మూత ఊడకుండా కోడిపుంజు బొమ్మ కొక్కెం, పట్టుకోవడానికి చెక్క పిడి, నిప్పు ఆరిపోకుండా పక్కలకు గాలి బొక్కలు. నెల్లూరు నుంచి మైపాడు పోయే రోడ్డు మీద, ఇందుకూరుపేట దగ్గర, గానుగ చెట్టు కింద తోపుడు బండి మీద నా కాపురం. మామ చేతి నుంచి కోడలి చేతికి వచ్చాను. ఆ కోడల్ని ఊరంతా పెద్దక్క అంటుంది. నేనూ అట్టే అంటాను.

నా ఒంటి వేడి నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. మనుషుల ఒంటి వేడిని మాత్రం వాళ్లు విప్పి ఉతుక్కు వేసిన బట్టల్ని చూసి తెలుసుకున్నాను. చంకల కింద రంగు మారిన జాకెట్లు, కాలరు లోపల జిడ్డు గీత పడిన చొక్కాలు, వీపు మీద ఉప్పు తెల్లగా పేరుకున్న నల్ల టీషర్టులు. ఉతుకులో పోకుండా మిగిలిన చెమట మరక మీద నన్ను రుద్దితే ఆ మరక ఇక జన్మలో పోదు. అందుకే పెద్దక్క ప్రతి చొక్కానూ వెలుతురుకు ఎత్తి చూసిగాని బల్ల మీద పరవదు. మరక కనబడితే మళ్లీ నీళ్లలో వేస్తుంది.

మా వేసవి రాయలసీమ వేసవి కాదు. అక్కడ ఎండ మాడ్చేస్తుంది, కానీ పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. ఇక్కడ పొద్దుటి నుంచి పడమటి గాలి వేడిని తోసుకొస్తుంది. మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరిగితే సెగ తగ్గుతుంది గాని, దానితో వచ్చిన తేమ ఒంటికి అతుక్కుంటుంది. రోహిణి కార్తెలో పడమటి గాలి బలంగా ఉండి సముద్రపు గాలిని లోపలికి రానివ్వని రోజులుంటాయి. ఆ రోజుల్లో గానుగ నీడలో కూడా సెగ తగ్గదు. తన చొక్కా కోసం చెట్టు కింద ఎదురుచూస్తూ ఒక సైన్సు మాస్టారు పక్కనున్న పిల్లలకు చెబుతుంటే విన్నాను: లీటరు చెమట ఒంటి మీదే ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడిని పట్టుకుపోతుందట. అదే చెమట బొట్లు బొట్లుగా కారి నేల మీద పడితే ఒంటికి ఒరిగేది దాదాపు ఏమీ లేదు. గాలి నిండా తేమ ఉన్న మా తీరంలో మనుషులు అంతంత చెమట పోసీ చల్లబడలేకపోవడానికి కారణం అదే. ఎండ కన్నా ఈ ఉక్కే మనిషి ధీమాను ముందు తినేస్తుంది.

ధీమా అంటే ఏమిటో ఒక అమ్మాయి వల్ల నాకు తేటపడింది. డిగ్రీ పాసై, నెల్లూరులో ఒక ఇంటర్వ్యూకు పోవాల్సిన పిల్ల. మెరిసే పాలిస్టర్ చుడీదార్ తెచ్చి బండి మీద పెట్టింది.

"ఏంది పాపా, ఈ ఉక్కలో ఇదేసుకోని పోతావా?"

"కొత్తది పెద్దక్కా. నలగదు గూడా."

"గుడ్డ నలగదు. నువ్వు నలిగిపోతావు. బస్సు దిగేలోపల చంకల కింద తడిసి ముద్దయితే, ఆ సార్ల ముందర చేతులు ముడుచుకోనే కూర్చోవాల. ఇంట్లో నూలుది లేదా?"

ఉంది. పాతదని పక్కన పెట్టిందట. లేత పసుపు రంగు, చేతులు కాస్త వదులు, మెడ దగ్గర గాలి ఆడే కుట్టు. పెద్దక్క దాన్ని పల్చటి గంజిలో ముంచి, నీడన ఆరబెట్టి, ఇంకా కొంచెం చెమ్మ ఉండగానే నన్ను దాని మీద నడిపించింది. మర్నాడు సాయంత్రం ఆ పిల్ల వచ్చి నిలబడి, ఏం అడిగారో ఏం చెప్పిందో చేతులు తిప్పుతూ చెప్పింది. ఉద్యోగం సంగతి తర్వాత తేలుతుంది. నాకు సంతోషమేసింది మాత్రం ఆ చేతులను చూసి. ఒంట్లో ఏ భాగాన్నీ దాచుకోవాల్సిన పని లేనప్పుడే మనిషి నిటారుగా నిలబడి మాట్లాడగలదు. వేసవిలో బట్ట మనిషికి చేయగలిగిన మేలు అదీ.

నూలు చల్లగా ఉంటుందని అందరూ అంటారు. అది ఎలా పనిచేస్తుందో నేను పోగు పోగునా చూశాను. మామూలు గాలిలోనే నూలు తన బరువులో నూటికి ఎనిమిది పాళ్ల దాకా తేమ పట్టుకుని కూర్చుంటుంది. పాలిస్టర్ అర పాలు కూడా పట్టదు. ఒంటి మీది తడిని నూలు తనలోకి తీసుకుని, పలచని నేత అయితే బయటి గాలికి అప్పజెబుతుంది. ఆటగాళ్ల కోసం చెమటను బయటికి లాగి గబగబా ఆరేలా నేసిన పాలిస్టర్ వేరే ఉంది, దాన్ని నేను తప్పుపట్టను. మా బండికి వచ్చేది అది కాదు. మెరుపు కోసం, మన్నిక కోసం, చవక కోసం దట్టంగా నేసిన గుడ్డ. దాని మీద నా వేడి కొంచెం ఎక్కువైతే కరిగి అతుక్కుంటుంది. పెద్దక్క అందుకే నా కిందికి తడి గుడ్డ వేస్తుంది.

అయితే నూలుకు ఒక కష్టం ఉంది, నాకు బాగా తెలిసిన కష్టం. నూలు పోగులోని అణువులు తడి తగిలితే పట్టు సడలిస్తాయి. నా వేడికి ఆ తడి ఆవిరైపోగానే కొత్త చోట మళ్లీ పట్టు బిగిస్తాయి. నీళ్లు చిలకరించి నన్ను నడిపించేది అందుకే. గాలిలోనే నీళ్లున్న చోట ఆ పట్టు మళ్లీ సడలుతుంది. పొద్దున నేను నిలబెట్టిన మడత మైపాడు సముద్రపు గాలికి మధ్యాహ్నానికే మెత్తబడుతుంది. గంజి పెట్టేది ఆ మడతను ఇంకో మూడు నాలుగు గంటలు కాపాడుకోవడానికే. గంజి పెట్టిన బట్ట ఒంటికి అతుక్కోకుండా కాస్త ఎడంగా నిలుస్తుంది, ఆ సందులో గాలి తిరుగుతుంది. కానీ గంజి చిక్కనైతే పోగుల మధ్య కంతలు మూసుకుపోతాయి, నూలు వేసుకుని కూడా ఉడికిపోతారు. ఎండాకాలం గంజి మజ్జిగ తేటలా ఉండాలని పెద్దక్క మాట. మొలగొలుకుల వరి పండిన నేల ఇది, ఏ ఇంట్లోనైనా అన్నం వార్చిన గంజికి కొదవ ఉండేది కాదు. కుక్కర్లు వచ్చాక జనం అన్నం వార్చడం మానేశారు. ఇప్పుడు సీసాలో గంజి కొనుక్కుని తెస్తున్నారు.

నా కిందికి వచ్చిన గుడ్డలన్నింటిలో నేను ఎంతో ప్రేమగా నడిచేది వెంకటగిరి నూలు చీర మీద. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి పోయింది గాని, నెల్లూరు వాళ్ల బీరువాల్లో నుంచి ఎక్కడికీ పోలేదు. వెలుగోటి రాజుల ఆదరణలో ఎదిగిన నేత అది. నూరో నంబరు నూలు అంటారు. 840 గజాల చిలపలు నూరు కలిపితే ఒక్క పౌను బరువు తూగే నూలు అన్నమాట. అంటే పౌను నూలును సాగదీస్తే 84,000 గజాలు, దగ్గర దగ్గర 77 కిలోమీటర్లు వస్తుంది. అంత సన్నని పోగును గుంట మగ్గం మీద నేసి, అంచుకు జరీ పెట్టి, జాందానీ పద్ధతిలో చిలకనో హంసనో మామిడి పిందెనో చేత్తో పోగు పోగునా దూరుస్తారు. బొమ్మ ముందూ వెనకా ఒకేలా కనబడుతుంది. భౌగోళిక గుర్తింపు కూడా పొందిన నేత. ఇవన్నీ గొప్పలే. కానీ ఈ ఉక్కపోతకు దగ్గరలో పుట్టిన చీర ఈ ఉక్కపోతకు సరిగ్గా సరిపోవడం నాకు అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది. దాన్ని తిరగేసి, జరీ మీద పలచని గుడ్డ కప్పి, బొగ్గులు కొంచెం బూడిద పట్టాక గాని పెద్దక్క నన్ను దాని జోలికి పోనివ్వదు. నడివేసవి పెళ్లిలో పట్టుచీరల మధ్య అలాంటి చీర కట్టుకుని వచ్చిన పెద్దావిడ చివరి బంతి దాకా తీరిగ్గా కూర్చుంటుంది. పట్టు కట్టుకున్న వాళ్లు ఫోటో దిగి ఫ్యాన్ వెతుక్కుంటారు. పెళ్లికూతురికి తప్పదు. చుట్టాలకు ఎందుకు ఆ కష్టం?

మగవాళ్ల సంగతికి వస్తే, వకీళ్ల కోట్లు వేసవి రాగానే మా బండికి రావడం తగ్గిపోతుంది. సుప్రీంకోర్టులో, హైకోర్టులో తప్ప మిగతా కోర్టుల్లో ఎండాకాలం నల్లకోటు తప్పనిసరి కాదని బార్ కౌన్సిల్ నియమం. తెల్ల చొక్కా, మెడకు తెల్ల పట్టీ చాలు. కోటు లేకుండా వాదించిన వాళ్ల మాట బలం తగ్గిందని నేను ఇంతవరకు వినలేదు. జపాన్‌లో 2005లో ప్రభుత్వమే పూనుకుని 'కూల్ బిజ్' అని మొదలుపెట్టింది. వేసవిలో ఆఫీసుల ఏసీ 28 డిగ్రీల దగ్గర ఉంచండి, కోటూ టైలూ తీసేయండి అని మంత్రులే ముందు తీసేశారు. కట్టుబాట్లకు పేరుపడిన దేశం ఆ పని చేసింది.

అంత దూరం కూడా పోనక్కర లేదు. మా మండలంలోనే పెన్న ఒడ్డున పల్లిపాడు ఉంది. 1921 ఏప్రిల్లో గాంధీ అక్కడికి వచ్చి పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించాడు. ఆ ఏడాదే సెప్టెంబరు 22న మదురైలో ఆయన చొక్కా, టోపీ వదిలి కొల్లాయికి మారాడు. అది ఎండకు భయపడి చేసిన పని కాదు, గుడ్డ కొనలేని పేదల కోసం చేసిన పని. పదేళ్ల తర్వాత లండన్లో రాజుగారి కోటకు కూడా ఆ వేషంతోనే వెళ్లాడు. తన వాతావరణానికీ తన జనానికీ తగిన గుడ్డ కట్టుకున్న మనిషి ఎక్కడికి పోయినా కుంచించుకుపోడని నేను నమ్ముతాను. రొయ్యల గుంటల మీద సూపర్వైజర్లుగా చేసే మా ఊరి కుర్రాళ్లు కంపెనీ పేరు అచ్చేసిన దళసరి టీషర్టుల్లో మధ్యాహ్నమంతా గట్ల మీద తిరుగుతుంటే, వాళ్ల తాతల తెల్ల నూలు పంచెలు గుర్తొచ్చి నా మనసు చివుక్కుమంటుంది.

ఇంతమందిని చల్లగా, నలగకుండా బయటికి పంపే మనిషి రోజంతా నిప్పు పక్కన నిలబడుతుందన్న మాట ఎవరూ అనరు. నేను అంటాను. పెద్దక్క తెల్లవారుజామున చీకటి ఉండగానే సర్కారు తుమ్మ బొగ్గులు రాజేస్తుంది. పది దాటితే నన్ను దించేస్తుంది, మళ్లీ పొద్దు వాలి సముద్రపు గాలి తిరిగాకే ఎత్తుతుంది. కట్టుకునేది ఉతికి ఉతికి మెత్తబడిన వాయిల్ చీర, నెత్తిన తడి తువ్వాలు, పక్కన ఉప్పేసిన మజ్జిగ చెంబు. ఆవిడ మెడ మీద కూడా చెమటకాయలు లేస్తాయి. రాత్రి బండి కట్టేసే ముందు, నా కడుపులో మిగిలిన ఆఖరి వేడితో మర్నాటి తన చీరను ఇస్త్రీ చేసుకుంటుంది. ఇది మాత్రం తప్పదు ఆవిడకు. "ఊరి గుడ్డలన్నీ తీరుస్తా, నాది నలిగి ఉంటే ఎట్టా?" అంటుంది. గ్యాసుతో నడిచేవీ కరెంటువీ వచ్చాయి, బొగ్గు పొగ నుంచి ఆవిడ బయటపడితే నాకు సంతోషమే. నేను అటక ఎక్కినా బాధపడను.

నన్ను నిజంగా బాధపెట్టేది జూన్. 12వ తేదీన బడులు తెరుస్తారు. వేసవి అయిపోయిందని పుస్తకాల్లో లెక్క. నెల్లూరు తీరానికి ఆ లెక్క కుదరదు. నైరుతి వానలు మాకు అంతంత మాత్రమే. అసలు వానలు అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. జూన్ నడిమధ్యలో కూడా పడమటి గాలి నిప్పులు చెరుగుతుంటుంది, ఆగస్టులోనూ ఉక్కే. అప్పుడు మా బండికి ఆరేళ్ల పిల్లల టైలు, దళసరి పాలిస్టర్ ప్యాంట్లు, మెడ బిగించే కాలర్లు వస్తాయి. చేతికి పట్టనంత చిన్న కాలర్లు. వాటి మీద నన్ను నడిపిస్తున్నప్పుడు పెద్దక్క ఏమీ మాట్లాడదు.

పెద్దక్క మనవరాలు ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతి. మొన్న తల్లిదండ్రుల మీటింగుకు ఆవిడే పోయింది, ఇస్త్రీ చీర కట్టుకుని. వచ్చాక చెట్టు కింద ఆడవాళ్లకు చెబుతుంటే విన్నాను.

"సార్, మీరు బడి గౌరవం కోసం టై కట్టిస్తుండారు, నాకు తెలుసు. కానీ పిల్ల మెడ చూడండి, పొక్కులు. ఇంటికొచ్చి పుస్తకం తీయదు, ఈపు గోక్కుంటుంది. పల్చటి నూలు చొక్కా ఏసి పంపిస్తాం, నేనే ఇస్త్రీ చేసి ఇస్తా. మడత నలిగితే నన్నడగండి అన్నా."

"ఏమన్నాడక్కా ఆయన?"

"దీపావళి దాకా టై సోమారం ఒక్కరోజే అన్నాడు. గుడ్డ మాత్రం వచ్చే ఏడు చూద్దామన్నాడు. ఏప్రిల్లోనే గుడ్డ కొంటారంట. కొనకముందే పోవాల మనం. నేనొక్కదాన్నే పోతే కాదు, మీరూ రావాల."

నలుగురు వస్తామన్నారు. ఒకామె నూలు గుడ్డ మీటరు ఎంత పడుతుందో నెల్లూరులో కనుక్కొస్తానంది.