ఏడు నెలల సీనియరన్న

ఆగస్టులో డాలస్ విమానాశ్రయంలో 23 కిలోల పెట్టెలు రెండు తోసుకుంటూ బయటికొచ్చిన తెలుగు కుర్రాడికి ముందుగా కనబడేది అమెరికా కాదు, సీనియరన్న. ఈయన దిగింది మొన్న జనవరిలో. అయినా ఆ ఠీవి చూస్తే డాలస్‌కి శంకుస్థాపన చేసింది ఈయనేనేమో అనిపిస్తుంది.

యూనివర్సిటీ ఉన్న డెంటన్ చేరేలోపే కారులో ఉపదేశం అయిపోతుంది. "సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటలు మించి పని చెయ్యకూడదు. ఎవరైనా 'హౌ ఆర్ యూ' అంటే మీ నాన్నగారి షుగర్ దగ్గర్నుంచి మొదలెట్టకు, 'గుడ్' అనేసి నడిచిపో. ధరలు రూపాయల్లోకి మార్చకు, ముద్ద దిగదు." ఇంత చెప్పినాయన వాల్‌మార్ట్‌లో కొత్తిమీర కట్ట చేతిలోకి తీసుకుని, పెదాలు కదుపుతూ ఏదో గుణించుకుని, మెల్లిగా ఉన్నచోటే పెట్టేస్తాడు.

నిద్ర పట్టకపోయినా, ప్రొఫెసర్ యాస అర్థంకాకపోయినా, ఇల్లు గుర్తొచ్చి ఏడుపొచ్చినా ఆయన దగ్గరున్న మందు ఒక్కటే: "అలవాటైపోతుందిరా." ఆయనకి మాత్రం ఇంతవరకూ ఏదీ అలవాటు కాలేదు. పోపు వేసిన ప్రతిసారీ పొగ అలారం కూస్తుంది. ఒక చేత్తో గరిటె, రెండో చేత్తో అలారం కింద తువ్వాలు విసరడం, చెవికీ భుజానికీ మధ్య ఫోను. "ఆ మోతా? గుళ్లో ఉన్నానమ్మా, హారతిస్తున్నారు."

నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి. అమ్మకీ ఆయనకీ మధ్య దూరం పదకొండున్నర గంటలవుతుంది, ఆరుకల్లా చీకటి పడుతుంది. సీనియరన్న గదిలోంచి రావడం తగ్గిస్తాడు. వంట వంతు తప్పిస్తాడు, క్లాసులు ఎగ్గొడతాడు. అడిగితే "బిజీ" అంటాడు. (దిగులుగా ఉందని ఒప్పుకోవడం కంటే మనవాళ్లకు అది తేలిక.)

చివరికి జూనియరే నసుగుతాడు. "అన్నా, క్యాంపస్‌లో కౌన్సెలింగ్ సెంటరుంది కదా..."

"నాకేం పిచ్చా?"

"అది కాదన్నా. దాని డబ్బులు మన ఫీజులోనే పట్టేసుకున్నారట."

సీనియరన్న లేచి కూర్చుంటాడు. కట్టిన డబ్బు వదులుకోవడం ఆయన వంశంలోనే లేదు.

కౌన్సెలరు దగ్గరికెళ్లి, యాభై నిమిషాల తర్వాత బయటికొచ్చి, కళ్లు తుడుచుకుని, జాకెట్ జిప్పు పైకి లాక్కుంటూ అంటాడు: "పాపం, ఆవిడకేం తెలీదురా. ఐ-20 ఫారం నుంచి ఆవకాయ దాకా అన్నీ నేనే చెప్పాల్సొచ్చింది. గురువారం మళ్లీ రమ్మంది, ఇంకా తెలుసుకోవాలట."